వేటకెళ్తే మానేసే మాత్ర

ఫోన్ చేసి, మనిషి ఉన్నాడా పోయాడా అని అడగడం నాకెవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకావిడకి ఫోన్ చేసి, "మీ ఆయన బతికే ఉన్నారాండీ?" అని సూటిగా అడిగేశాను. "ఉన్నాడు బాబూ, ఇదిగో అన్నం తింతన్నాడు. ఏటి, పోవాలా?" అందామె. అప్పట్నుంచీ "ఇంట్లో ఎలా ఉన్నారండీ?" అని మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. మాట రాకముందే గొంతు చెప్పేస్తుంది.

మా ఆసుపత్రిలో క్యాన్సర్ రోగులకొక రిజిస్ట్రీ, గుండెలో స్టెంటు వేయించుకున్నవాళ్ళకొక రిజిస్ట్రీ ఉన్నాయి. రెండిటినీ చూసుకునేది నేనే. ఎవరు ఏ జబ్బుతో వచ్చారు, ఎంత ముదిరాక వచ్చారు, డాక్టర్లు ఏం చేశారు, ఇంటికెళ్ళాక నెలకీ ఆరు నెలలకీ ఏడాదికీ ఎలా ఉన్నారు అన్నవన్నీ కంప్యూటర్లో ఎక్కించడం మా పని. వేలమందివి అలా పోగుపడితే ఏ వైద్యం ఎవరికి పనికొస్తోందో, ఎవరిని దెబ్బతీస్తోందో తెలుస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట నేనే పాఠంలా చెప్పేవాణ్ణి. నమ్మే చెప్పేవాణ్ణి.

కింది అంతస్తులో, పాత కేసు షీట్లు కట్టలు కట్టి దాచే గది పక్కన మా గది. కిటికీ లేదు. కంప్యూటర్లో ప్రతి రోగికీ కొన్ని గడులుంటాయి. అన్నీ నిండితే ఆ పేరు ఆకుపచ్చగా మారుతుంది, నిండకపోతే ఎర్రగా ఉండిపోతుంది. నెలాఖరుకి ఎన్ని ఎరుపులు మిగిలాయో పైవాళ్ళు చూస్తారు. ఎరుపులు తక్కువుండే గదిగా మాకు మంచి పేరుండేది. ఆ పేరు నాకు ముద్దుగా ఉండేది. రోగుల కోసం మొదలుపెట్టిన పనిని ఆ రంగు కోసం చేయడం ఎప్పట్నుంచి మొదలుపెట్టానో చెప్పలేను. జుట్టు నెరవడం లాంటిదే అదీ. ఫలానా రోజున అని ఉండదు.

గుండె వైపు ఫోన్లు చేసే అమ్మాయి కాన్పు సెలవులో ఉంది కాబట్టి ఆ మార్చి నెలాఖరున ఆ ఫోన్లు నేనే చేస్తున్నాను. ఎర్రగా మిగిలినవాళ్ళలో ఒక మత్స్యకారుడున్నాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరపడవ మీద వలలాగే కళాసీ. దసరాల్లో గుండెపోటు వస్తే మా దగ్గరే స్టెంటు వేశారు. ఆరు నెలల ఫోన్ బాకీ ఉంది. అతని భార్య ఎత్తింది. వెనక చేపల వేలం కేకలు.

"ఎవులు?"

"ఆసుపత్రి నుంచమ్మా. ఇంట్లో ఎలా ఉన్నారు?"

"బాగున్నాడు బాబూ. ఏటకెల్లాడు. నిన్నే రావాల, ఇంకా రానేదు."

"ఆయాసం, గుండెలో నొప్పి ఏమైనా?"

"ఏటీ నేదు. తింతన్నాడు, నా మీద అరుత్తన్నాడు." ఇంతలో ఎవరో కోనాం చేప ఎంతకిస్తావని అడిగినట్టున్నారు, ఫోను పక్కకి తిప్పి, "ఆ రేటుకి నీకు కోనాం కావాలేటి? కవల్లు పట్టుకెల్లు!" అని కసిరి మళ్ళీ నా దగ్గరికొచ్చింది. "సెప్పు బాబూ."

"మందులు రోజూ వేసుకుంటున్నారా?"

"ఇంటికాడున్నన్నాల్లూ ఏసుకుంతాడు. ఏటకెల్తే ఒగ్గేత్తాడు. ఆ రగతం పల్సనయ్యే బిల్ల ఏసుకుంతే, ఏదన్నా తెగితే ఆగదు కాదేటి, అందుకని."

"సరేనమ్మా," అన్నాను.

ఆ ప్రశ్నకి కంప్యూటర్లో రెండే జవాబులు. అవును, కాదు. "కాదు" నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, ఎవరు మానమన్నారు అని అడుగుతుంది. అన్నీ రాశాక గుండె డాక్టరు చూసి సరేనంటేనే ఆకుపచ్చ అవుతుంది. అతనికి స్టెంటు వేసిన గుండె డాక్టరమ్మ ఆ వారం ఊళ్ళో లేరు. సాయంత్రానికి నెల లెక్క మూసేయాలి. "అవును" నొక్కాను.

గాజువాక వెళ్ళే బస్సెక్కి, ఆటోనగర్ దగ్గర దిగి, రోజూలాగే టీ తాగి ఇంటికెళ్ళాను. ఇంట్లో ఉన్నప్పుడు వేసుకుంటున్నాడు కదా, నేను రాసింది పూర్తిగా అబద్ధమేం కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నానని ఇప్పుడు రాస్తే బాగుంటుంది. నిజానికి అంత కూడా లేదు. సర్దిచెప్పుకోవాల్సినంత బరువే అనిపించలేదు. ఇంటి తలుపు తీసేసరికే ఆ మాట మర్చిపోయాను.

ఏప్రిల్ మధ్యలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం మొదలవుతుంది. దానికి ముందు చివరి వేటకి వెళ్ళిన పడవలోంచి అతన్ని నేరుగా మా క్యాజువాలిటీకి తెచ్చారు. ఒడ్డు కనపడే దూరంలో ఉండగా నొప్పి వచ్చిందట. లేకపోతే దొరికేవాడు కాడు. స్టెంటులో రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. రాత్రి వచ్చిన కేసుల జాబితాలో మర్నాడు ఆ పేరు చూడగానే చేపల వేలం కేకలు చెవిలో వినపడ్డాయి. ఏదన్నా తెగితే ఆగదు కాదేటి.

అతను బతికాడు. గుండె బలం మాత్రం బాగా తగ్గిపోయింది.

స్టెంటు వేసిన చోట మళ్ళీ మూసుకుపోతే డాక్టర్లందరూ కూర్చుని, ఎందుకలా అయిందో మాట్లాడుకోవడం మా ఆసుపత్రిలో పద్ధతి. ఆ సమావేశానికి వివరాలు తెర మీద చూపించేది నేనే. మొదటిసారి స్టెంటు వేసిన డాక్టరమ్మ లేచి కేసు చెప్పారు. పెద్ద డాక్టరుగారు అడిగారు, "మందులు మానేశాడా?"

ఆవిడ తెర వైపు చూశారు. తెర మీద నేను నొక్కిన "అవును" ఉంది. "లేదు సార్. పోయిన నెలే రిజిస్ట్రీవాళ్ళు కనుక్కున్నారు. రోజూ వాడుతున్నాడు."

"మరైతే మన చేతిలోనే ఎక్కడో తేడా ఉండాలి."

"అవును సార్. స్టెంటు గోడకి సరిగ్గా ఆనలేదేమో. నేను స్టెంటు వేసినప్పటి రికార్డింగు మళ్ళీ చూస్తాను," అన్నారావిడ. మెల్లగా అన్నారు. చేతిలో పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు. నోరు తెరిస్తే ఆ క్షణంలోనే అయిపోయేది. అందరూ తరవాతి బొమ్మ కోసం చూస్తున్నారు. నేను తరవాతి బొమ్మ చూపించాను.

ఆ తరవాతి రోజుల గురించి రాయడం కష్టం, ఎందుకంటే వాటిలో ఏమీ జరగలేదు. నేను రోజూ పనికెళ్ళాను, వచ్చాను. అతన్ని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "ఇదివరకటిలాగే మందులు మానకుండా వాడు" అన్నారని వార్డు నర్సు చెప్పింది. ఇదివరకటిలాగే! అతను తలూపాడట. ఊపడా మరి? ఇదివరకటిలాగే అంటే అతనికి తెలిసిన అర్థం వేరు.

నాకు దొరికిన సాకు వేట నిషేధం. పడవలన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. అతను ఇంట్లోనే ఉంటాడు, ఇంటికాడున్నన్నాళ్ళూ వేసుకుంటాడు. నిషేధం తీసేదాకా అతనికేం కాదు, నేను చెప్పడానికి బోలెడు టైముంది అనుకున్నాను. డాక్టరమ్మ కనపడితే వేరే మెట్ల మీదనుంచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి. మునుపటంత నవ్వడం లేదని నాకు తెలుసు, ఎందుకో కూడా తెలుసు.

జూన్లో ఒక ఉదయం మా ఆవిడ టిఫిన్ డబ్బా సర్దుతూ, "పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు కొని కొని విసుగొచ్చింది. ఎల్లుండి బోట్లు కదుల్తాయంట, ఇక పచ్చి చేప దొరుకుద్ది" అంది. ఆమె చేప గురించే మాట్లాడింది. నేను తాగబోతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పడవల్లో ఒకదాని మీద అతను ఎక్కుతాడు, ఎక్కేముందు మాత్రలు ఇంట్లో పెట్టేసి వెళ్తాడు. ఈసారి ఒడ్డు కనపడేంత దగ్గరలో ఉంటాడని ఏముంది? అది తెలిసినవాణ్ణి ఆసుపత్రిలో నేనొక్కణ్ణే.

డాక్టరమ్మ ఒక కేసు ముగించుకుని, ఎక్స్‌రేలు తగలకుండా వేసుకున్న బరువైన సీసం గౌను ఇంకా విప్పకుండానే నడవాలోకొచ్చారు. నిలబెట్టి చెప్పేశాను. మార్చిలో అతని భార్య ఏమందో, నేను ఏం నొక్కానో, సమావేశంలో మాట్లాడకుండా తరవాతి బొమ్మ ఎలా చూపించానో.

"మీకు అప్పట్నుంచీ తెలుసా?" అన్నారు.

"తెలుసు మేడమ్."

"నేను ఆ రికార్డింగు ఎన్నిసార్లు చూసుకున్నానో తెలుసా మీకు? తరవాత స్టెంటు వేయాలంటేనే చెయ్యి ఆడలేదండీ నాకు." ఆవిడ గొంతు పెంచలేదు. గోడకి ఆనుకున్నారు. "నా సంగతి తరవాత. అతను వేటకి ఎప్పుడెళ్తాడు?"

"ఎల్లుండి మేడమ్."

"మరి ఇక్కడ నిలబడ్డారేంటి?"

అతని ఫోన్ స్విచాఫ్. భార్యది మోగి మోగి ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పింది మనసులో పెట్టుకుని హార్బర్‌కి బయలుదేరాను. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మామూలు కన్నా ఆలస్యంగానైనా రక్తం ఆగుతుంది. పెద్ద గాయమైతే ఒడ్డుకి రావాల్సిందే. వెళ్ళేలోపు ఒకసారి డాక్టరమ్మకి కనపడాలి.

జెట్టీ అంతా పెళ్ళింటిలా ఉంది. పడవలకి కొత్త రంగులు. ఐసు దిమ్మలు మరలో పొడి అవుతున్న చప్పుడుకి మాట వినపడటం లేదు. అతను నీడపట్టున కూర్చుని వల కుడుతున్నాడు. భార్య పక్కనే క్యారేజీ విప్పుతోంది. పడవ డ్రైవరు పైనుంచి ఎవరినో డీజిలు డ్రమ్ముల గురించి తిడుతున్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పి, వేటకెళ్ళినా మాత్ర మానకూడదని చెప్పాను. అతను తలెత్తకుండానే నవ్వాడు.

"ఈ మాట ఇప్పుడొచ్చి సెప్తన్నావేటి సారూ? నాను ఒగ్గేత్తన్నానని మీ ఆసుపత్రోల్లకి ఎరికే కదా."

"డాక్టరుగారికి తెలీదు."

"తెలీకపోడమేటి?" అంది భార్య. క్యారేజీ గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఫోన్లో సెప్పానుగా నాను. ఏటకెల్తే ఒగ్గేత్తాడని. ఉండు... ఆ గొంతు నీదేనా?"

"నాదేనమ్మా."

"సెప్తే సరేనమ్మా అన్నావు. అలగ ఒగ్గేయకూడదంటే అప్పుడే అందురు కదా, ఏటీ అననేదంటే పర్లేదు గావాల అనుకున్నాం." 

అంతవరకూ నేను చేసింది ఒక తప్పుడు రాత అనుకుంటున్నాను. వాళ్ళకి అది అనుమతి అయిందని అక్కడ, ఐసు మర చప్పుడులో, మొదటిసారి అర్థమైంది. వాళ్ళు దాచలేదు. ఆసుపత్రికి చెప్పారు, ఆసుపత్రి సరేనంది. ఆ సరేనన్న ఆసుపత్రిని నేను.

ఆఫీసులో మాట్లాడే భాష నోటికి రాలేదు. నాదీ ఇక్కడికి దగ్గర పల్లే, మా ఇంట్లో మాట వచ్చింది. "ఇన్నానమ్మా. ఇని కూడా రాయనేదు. నాదే తప్పు."

ఈలోగా డ్రైవరు కిందికి దిగి వచ్చాడు. "ఏటి బావా గొడవ?"

"ఏటకొచ్చినా బిల్ల ఏసుకోవాలంట బావా. సారు సెప్తన్నాడు."

"అది ఒగ్గేయమన్నది నానే సారూ," అన్నాడు డ్రైవరు, దాపరికమేం లేకుండా. "దసరాలెల్లాక మొదటి ఏటలోనే ఈడి సేతిలో జెల్ల సేప ముల్లు దిగిపోనాది. తువ్వాలు తడిసిపోనాది, ఆగదే! కళాసీలు కూడు తినడం ఒగ్గేసి సూత్తా కూకున్నారు. ఐసేసుకుని, డీజిలు కొట్టించుకుని ఎల్లినోల్లం, బోటు తిప్పేత్తే అందరి కడుపులూ మాడతాయి. అందుకే సెప్పాను, బోటెక్కితే ఒగ్గేయ్, దిగితే ఏసుకో అని."

తెగితే ఎలా నొక్కి పట్టుకోవాలో చెప్పాను. పెద్ద గాయమైతే తిరిగి రావాల్సి ఉంటుందని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉంటే అతన్ని ఎక్కించుకునేవాడేమో. కానీ సగం చెప్పి సగం మింగే పని ఇంకోసారి చేయలేకపోయాను.

డ్రైవరు తల గోక్కున్నాడు. "అయితే ఈడు నా బోటెక్కలేడు సారూ. బిల్ల ఏసుకుంతే నాకు బయం, ఏసుకోకపోతే మీకు బయం. మద్దిన సంద్రంలో ఈడికేటన్నా అయితే ఈ యక్కకి నా మొకం ఎలగ సూపించను?"

అతను వల పక్కకి నెట్టేసి లేచాడు. ఇంతసేపటికి నన్ను నేరుగా చూశాడు. "రెండ్రోజులాగి ఒత్తే నీ సొమ్మేటి పోయింది? ఎల్లిపోయేవోన్ని కదా. రెండు నెల్ల బట్టి కాలీగా ఉన్నాను, ఇప్పుడే గుర్తొచ్చానేటి నీకు?"

"ఎల్లిపోయి సచ్చేవోడివి," అంది భార్య. పడవ మీదున్న కుర్ర కళాసీని కేకేసింది. "ఒరే, మీ మావ సంచి ఇలగ పడీ."

"ఎవుడన్నాడు పడీమని? ఉంచరా!"

"పడీ అంతన్నాను!"

పైనవాడు ఎవరి మాట వినాలో తెలీక డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు కళ్ళతోనే సరేనన్నాడు. సంచి వచ్చి జెట్టీ మీద పడింది. ఆమె దాన్ని చంకన పెట్టుకుని నా వైపు తిరిగింది. "నువ్వొచ్చావు, బాగానే ఉంది. ఆ దినమే ఈ మాట అనుంటే రెండోపాలి ఈ మనిసికి గుండె దెబ్బతినేది కాదు. అప్పుడు బోటూ ఉండును, మనిసీ ఉండును. ఇప్పుడు మనిసే మిగిలాడు."

ఆమె నన్ను క్షమించిందని గానీ తిట్టిందని గానీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. అతను ఆ సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. నా గదివైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు రిజిస్ట్రీలో ఆ జవాబు దిద్దాను. పాత జవాబు చెరిగిపోదు. కొత్తదాని కింద, ఎవరు మార్చారో ఆ పేరుతో, ఎప్పటికీ ఉంటుంది. ఎందుకు మారుస్తున్నారని కంప్యూటర్ అడిగింది. ఎంచుకోవడానికి కారణాలు ఇచ్చింది. కొత్త సమాచారం అందింది. పొరపాటున నొక్కారు. ఇతరత్రా. సమాచారం కొత్తది కాదు, నొక్కింది పొరపాటునా కాదు. "ఇతరత్రా" తీసుకుని, రోగి భార్య చెప్పింది విని కూడా తప్పు రాశాను అని టైపు చేశాను. తరవాతి సమావేశంలో డాక్టర్లందరి ముందూ ఆ మాటే చదివాను. నా మీద సంజాయిషీ కాగితాలు నడిచాయి. నడవాల్సినవే. డాక్టరమ్మ ఇప్పుడు పనివరకు మాట్లాడతారు. అంతకన్నా ఆశించే హక్కు నాకు లేదు.

స్టెంటు వేయించుకున్న మిగతా మత్స్యకారులకి కూడా మళ్ళీ ఫోన్లు చేశాను. "మందులు వేసుకుంటున్నారా" అని అడిగితే అందరూ ఊఁ అన్నారు. "వేటలో కూడానా" అని అడిగితే కొందరు ఆగారు. ఆ ఆగినవాళ్ళందరినీ డాక్టరమ్మ దగ్గరికి రప్పించాం. ఆ నెల మా గది తెర మీద ఎప్పుడూ లేనన్ని ఎరుపులు మిగిలాయి.

దసరా వెళ్ళాక అతనికి ఏడాది ఫోన్ చేయాల్సి వచ్చింది. సెలవు ముగించుకుని వచ్చిన అమ్మాయి చేస్తానంది. వద్దని నేనే చేశాను. ఈసారి అతనే ఎత్తాడు. వెనక గాలి హోరు.

"ఆసుపత్రి నుంచి..."

"ఎరికే. గొంతు ఎరికే. సెప్పు."

"ఎలా ఉన్నారు?"

"ఉన్నాను."

"మందులు వేసుకుంటున్నారా?"

"ఇంటికాడ ఏసుకుంతన్నాను," అని ఆగాడు. కావాలనే ఆగాడు.

"మరి వేటలో?"

"పెద్దబోటెవుడెక్కించుకుంతాడు నన్ను? బామ్మర్ది ఫైబరు పడవ మీద తెల్లారగట్ల ఎల్లి మజ్జానానికొచ్చెత్తన్నాను. బిల్ల ఏసుకునే పడవెక్కుతన్నాను. వల నాగడం మా బామ్మర్ది పని, పడవ తోలడం నా పని. రాసుకుంతన్నావేటి?"

"రాసుకుంటున్నాను."

"ఏటి రాసేవో ఓపాలి సదువు."

చదివాను. మందులు రోజూ వాడుతున్నారు, వేటరోజుల్లో కూడా. దూరపు వేట మానేశారు. దగ్గరి వేటకి చిన్న పడవ మీద వెళ్తున్నారు.

"మానీనేదు," అన్నాడు. "నానేటి మానీడం? ఎక్కించుకోనేదని రాయ్."

"మానేశారు" కొట్టేసి, "దూరపు వేటకి పడవవాళ్ళు ఎక్కించుకోవడం లేదు" అని రాశాను. మళ్ళీ చదివి వినిపించాను.

"ఆఁ, ఇప్పుడు సరిపోనాది," అని ఫోన్ పెట్టేశాడు.